ఆదివారం పూట చచ్చే చేపలు

దుబాసీ పనిలో కొత్తగా చేరే కుర్రవాళ్ళు ఈమధ్య ఫీజీ దీవుల్లో, నటబువాలో ఉన్న మా ఇంటికి వచ్చి, "తాతా, ఈ పనిలో మెలకువలేమిటి?" అని అడుగుతున్నారు. మెలకువలు అడిగినవాళ్ళకి నేను చేసిన తప్పు చెబుతాను. కొందరు ఆ తరవాత రావడం మానేశారు. వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ దొర నన్ను మెచ్చి ఏం రాసిచ్చాడో ఇందులో ఉండదు. ఆ కాగితాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి, చెదలు చదువుతున్నాయి.

నేను ఎవర్ని

మాది నెల్లూరు దగ్గర పల్లె. మిషన్ బడిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్నాను. ఇంట్లో అన్నతో తగువుపడి, కోపంలో మద్రాసు చేరి, అయిదేళ్ళ కూలికి కట్టుబడే గిర్మిట్ కాగితం మీద సంతకం పెట్టి ఫీజీ ఓడెక్కాను. కోపం ఓడలో రెండోరోజుకే దిగిపోయింది గాని, ఓడ దిగడం నా చేతిలో లేదు. అయిదేళ్ళు చెరుకు నరికాక, మేజిస్ట్రేటు కోర్టులో మద్రాసువాళ్ళ మాట చెప్పే మనిషి కావాలంటే నన్ను తీసుకున్నారు.

దుబాసీ అంటే ఈ మాట తీసి ఆ మాట పెట్టడం అనుకుంటారు. కాదు. కూలీ నోట్లో ఉన్న సంగతి దొర చెవిలో పడేదాకా అది నీ దగ్గర తాకట్టు. మధ్యలో చెడితే నిన్ను పట్టుకునేవాడు ఎవడూ ఉండడు, ఎందుకంటే ఆ గదిలో రెండు వైపులా తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఈ పనిలో ఉన్న గొప్పా ఇదే, గొయ్యీ ఇదే.

వాగు

బా, లౌటోకా అనే ఊళ్ళ మధ్య అప్పట్లో ఒక చిన్న చక్కెర మిల్లు ఉండేది. ఇప్పుడు మిల్లూ లేదు, నడిపినవాళ్ళూ లేరు. పేర్లు రాయను. మిల్లు పక్కనుంచి ఒక ఏరు సముద్రంలోకి పోయేది. మావాళ్ళు దాన్ని వాగు అనేవారు. వాగుకి అవతలి గట్టున ఫీజీవాళ్ళ ఊరు. ఆ నీళ్ళ మీద హక్కు తాతల నాటినుంచి వాళ్ళదే.

వారమంతా కూలీలుండే వరస గదుల్లో, అంటే లైన్లలో, తెల్లవారకముందే కులంబర్ కేక. కులంబర్ అంటే తెల్ల మేస్త్రీ. నంబరు పెట్టి పిలవమని ఇంగ్లీషులో అనే "కాల్ నంబర్" మావాళ్ళ నోట్లో అరిగి అలా తయారైందని చెబుతారు, నిజమో కాదో నాకు తెలీదు. ఆదివారం మాత్రం కేక ఉండదు. ఆరోజు లైన్లలో సగం మంది వాగుకి పోయేవారు. గుండుసూది వంచితే గాలం. గోనెసంచి దారం, వెదురు పుల్ల, గోధుమపిండి ముద్ద. పట్టేది గుప్పెడంత చేపలు. చాలామంది ఒట్టి చేతుల్తో తిరిగొచ్చేవారు, అయినా వచ్చే ఆదివారం మళ్ళీ తయారు. గిర్మిట్‌లో ఉన్నప్పుడు నేనూ పోయేవాణ్ణి. నాకు పడినవన్నీ చిన్నవే, చెప్పేటప్పుడు మాత్రం మూరెడు చేసి చెప్పేవాణ్ణి.

ఒక ఏడాది మిల్లు ఆడే రోజుల్లో వాగులో చేపలు చచ్చి తేలడం మొదలైంది. అదీ ఆదివారాలే. సోమవారంనుంచి శనివారం దాకా ఏమీ లేదు. ఆదివారం మధ్యాహ్నానికి తెల్లగా పొట్టలు పైకి పెట్టి తేలేవి. ఫీజీ ఊరి పెద్ద వచ్చి మేజిస్ట్రేటుకి ఫిర్యాదు చేశాడు. ఆదివారం వాగు దగ్గర ఉండేది ఎవరు? కూలీలు. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నారు.

ఒక్క మాట

పట్టుకొచ్చిన మనిషి పేరు సింహాచలం. విశాఖపట్నం జిల్లావాడు, మిల్లులో కూలీ. ఆదివారం పొద్దున మిల్లు కాలవ గట్టున డబ్బాతో కనబడ్డాడని సాక్ష్యం. నీళ్ళలో విషం కలిపి చేపలు పట్టాడని కేసు.

దొర అడిగాడు, నేను తెలుగులో చెప్పాను: "ఆదివారం పొద్దున కాలవ దగ్గర ఏం చేశావు?"

సింహాచలం చేతులు కట్టుకుని, "కాలవలో మందు ఒంపినాం బాబూ. సర్దారు ఒంపీమన్నాడు, ఒంపినాం," అన్నాడు.

మా నెల్లూరు వైపు ఎండాకాలం కుంటల్లో నీళ్ళు తగ్గితే మందు వేసి చేపలు పడతారు. చిన్నప్పుడు నేనూ చూశాను. చేపల కేసులో మందు అనగానే నాకు ఆ కుంటే కళ్ళముందుకొచ్చింది. "చేపలకి వేసే విషం వాగులో పోశాడట, సర్దారు పొయ్యమన్నాడట," అని ఇంగ్లీషులో చెప్పాను. కాలవ అన్న మాటని కూడా నేనే వాగు చేసేశాను. ఒక్కక్షణం కూడా ఆగలేదు. చకచకా చెప్పడమే తెలివని ఆ రోజుల్లో నా నమ్మకం.

సర్దారు అంటే కులంబర్ కింద ఉండే హిందూస్థానీ మేస్త్రీ. వాణ్ణి పిలిచారు. "చేపలకి విషం పెట్టమన్నావా?" అని హిందీ దుబాసీ అడిగాడు. "రామరామ, నేనెందుకు చెబుతాను?" అన్నాడు వాడు. వాడు చెప్పింది నిజమే. సింహాచలం చెప్పిందీ నిజమే. అబద్ధమాడినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ నాకు తెలీకుండా.

సింహాచలానికి నెలరోజులు జైలు వేశారు. గిర్మిట్ మనిషికి జైలంటే ఆ నెలతో అయిపోదు, పోయిన రోజులన్నీ గిర్మిట్‌కి చివర కలుస్తాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. దాంతోపాటు ఇంకో హుకుం వచ్చింది: ఇకమీదట కూలీలెవరూ ఆదివారం వాగు దగ్గరికి పోకూడదు. గాలం చేతిలో కనబడితే కేసే.

ఆ హుకుం లైన్లలో చదివి తెలుగులో చెప్పింది కూడా నేనే. గొంతు సవరించుకుని మరీ చెప్పాను.

చెయ్యి కాలినవాడు

కూలీలు వాగు మొహం చూడ్డం మానేశారు. చేపలు మాత్రం ఆదివారం ఆదివారం చస్తూనే ఉన్నాయి. దొంగచాటుగా పోతున్నారు, అందుకే చస్తున్నాయి అన్నారు మిల్లువాళ్ళు. ఎవరూ పోవడం లేదని నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు. నా పని మాట చెప్పడం, చేపల లెక్క నాకెందుకు అనుకున్నాను. ఇలా అనుకునే దుబాసీలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే నేనూ అలాంటివాణ్ణే.

రెండు నెలల తరవాత మిల్లు కూలీ ఒకడు కోర్టుకి వచ్చాడు. పనికి రాలేదని అతని మీద కేసు. చెయ్యి చూపించాడు. మోచేతిదాకా తోలు ఊడి ఎర్రగా ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"మందు పడిపోనాది బాబూ."

"ఏం మందు?"

"అదే, గిన్నెలు కడిగీ మందు. ఆదోరం మిల్లు ఆపేత్తారు కదా, రసం మరగబెట్టీ పెద్ద గిన్నెల్లో ఆ మందేసి ఉడకెడతారు. అయిపోయాక మిల్లు కాలవలో ఒంపీమంటాడు సర్దారు. డబ్బా ఎత్తితే చెయ్యి మీద ఒలికిపోనాది."

మిల్లులో గిన్నెలకి పట్టిన పెచ్చు వదలడానికి వాడేది తోలు ఊడగొట్టే కాస్టిక్ సోడా. మిల్లులో పనిచేసే మావాళ్ళకి సున్నమూ మందే, సోడా కూడా మందే. వారంలో ఒక్క ఆదివారమే గిన్నెలు కడుగుతారు. కడిగిన నీళ్ళు మిల్లు కాలవలోకి, కాలవ వాగులోకి.

"ఒంపినాం" అని సింహాచలం అన్నది ఇదే. "సర్దారు ఒంపీమన్నాడు" అన్నదీ ఇదే. వాడు చేపల ఊసే ఎత్తలేదు. చేపల్ని ఆ మాటలోకి తెచ్చింది నేను.

దొర

మూడు రోజులు ఊరుకున్నాను. ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. చెబితే మళ్ళీ చెరుకుతోటే. సింహాచలం అప్పటికే జైలునుంచి వచ్చేశాడు, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని మనసుకి సర్దిచెప్పుకోవడానికి చూశాను. సర్దుకోలేదు. చేపలు చస్తూనే ఉన్నాయి, లైన్ల వాళ్ళు ఆదివారాలు గుమ్మాల్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటూనే ఉన్నారు. నేను చెప్పిన ఒక్క మాట వాళ్ళందరి ఆదివారం మీద కూర్చుంది.

మా మేజిస్ట్రేటు దొరకి కాలివాపు జబ్బు. కాలు నొప్పెట్టిన రోజు ఎవడికైనా శిక్ష ఒక వారం ఎక్కువ పడేదని అనుకునేవాళ్ళం. నేను వెళ్ళిన రోజు కాలు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. నిలబడి మొత్తం చెప్పాను.

ఆయన అడిగాడు: "నిన్ను ఎవరైనా అడిగారా?"

"లేదు సార్."

"మరి ఎందుకు చెబుతున్నావు?"

"ఆ మనిషి నెల జైల్లో ఉన్నాడు సార్. నా మాట మీద."

ఆయన బూటు వైపు చూసుకున్నాడు. "నా సంతకం మీద," అన్నాడు. తరవాత, "నేనూ ఆదివారం ఆ వాగులోనే చేపలు పడతాను, తెలుసా? మిల్లుకి ఎగువన, మలుపు దగ్గర. అక్కడ ఒక్క చచ్చిన చేపని ఎప్పుడూ చూడలేదు. ఎందుకు చూడలేదో ఆలోచించను కూడా లేదు," అన్నాడు.

దొరలందరూ మంచివాళ్ళని చెప్పడం లేదు. ఈయన కూడా నన్ను ఆరోజు ఒక గంటసేపు కడిగి ఆరేశాడు. కాని తప్పు ఒప్పుకునేవాడి ముందు తన తప్పు కూడా బయటపెట్టిన దొర నాకు ఉద్యోగమంతటిలో ఈయనొక్కడే కనబడ్డాడు. శిక్ష రద్దు చెయ్యమని రాజధాని సువాకి తనే రాస్తానన్నాడు. వాగు సంగతి వేరే, దానికి కూలీలే అర్జీ పెట్టుకోవాలి, నువ్వు రాసిపెట్టు అన్నాడు. ఉద్యోగం ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నేను పాడుచేసిన మొదటి అర్జీ

పిల్లలూ, అర్జీ రాయడం కూడా దుబాసీ పనే. అడగనిదే అమ్మైనా పెట్టదు, నిజమే. ఏమడగాలో తెలియకపోతే అడిగీ దండగే.

నా మొదటి అర్జీలో కూలీలకి తిండి చాలదు, చేపలు లేక చిక్కిపోతున్నారు అని రాశాను. జాలి పుట్టిద్దామని నా ఎత్తు. మిల్లు మేనేజరు మూడు వాక్యాల్లో కొట్టిపారేశాడు: చట్ట ప్రకారం రేషను ఇస్తున్నాం, డాక్టరు తూకం చూశాడు, చేపలు కావాలంటే స్టోరులో డబ్బా చేప ఉంది. అంతే.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఫీజీ ఊరి పెద్దని అడగకుండా ఆయన నీళ్ళ గురించి సువాకి రాశాను. సంగతి ఆయన చెవిన పడింది. వాళ్ళు దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేళ్ళ కట్ట పట్టుకుని వెళ్ళి, వాళ్ళ పద్ధతి ప్రకారం ఆయన ముందుపెట్టి కూర్చున్నాను. ఆయన కట్ట తీసుకోలేదు.

"మా నీళ్ళ గురించి దూరాన ఉన్నవాళ్ళకి ఉత్తరం రాశావు. వాగు దాటి ఇక్కడికి రావడానికి నీ కాళ్ళకి నొప్పి వచ్చిందా?" అన్నాడు.

నాకు వచ్చిన కాస్త ఫీజీ మాటల్లో క్షమించమన్నాను. సిగ్గుతో తల ఎత్తలేదు. చివరికి కట్ట మీద చెయ్యి వేసి తీసుకున్నాడు. యంగోనా కలిపి చిప్ప నా చేతికిచ్చాక, నేను అడగకుండానే అసలు సంగతి ఆయనే చెప్పాడు.

"మేమూ దువా వేరు నలిపి చేపలు పడతాం. దువా తగిలిన చేప మత్తెక్కి తేలుతుంది, తెచ్చుకుని తింటాం. ఇవి అలా కాదు. తోలు కాలినట్టు ఊడిపోతోంది. కాలవ కలిసే చోట నాచు కూడా మాడిపోయింది. ఇది చేపలు పట్టేవాడు చేసిన పని కాదని నేను మీ కోర్టులో చెబుదామనుకున్నాను. నన్నెవరూ అడగలేదు."

అవును, అడగలేదు. ఫిర్యాదు చేసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టి, కేసంతా మేమే నడిపేశాం.

పైడమ్మ మాట

రెండో అర్జీ కోసం లైన్లకి పోయి ఒక్కొక్కర్నీ అడిగాను: వాగు మీకు ఎందుకు కావాలి? మగవాళ్ళందరూ తిండి తిండి అన్నారు. నేను మొదటి అర్జీలో రాసిందే నాకు తిరిగి చెబుతున్నారు. దుబాసీ బాబుకి ఇదే కావాలి కాబోలని.

సింహాచలం భార్య పైడమ్మ మూల కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. హుకుం చదివింది నేనే కాబట్టి ఆమెకి నా మీద కోపం అని తెలుస్తూనే ఉంది, తల ఎత్తడం లేదు. చివరికి ఉండబట్టలేక అంది:

"సేపల కోసమేటి బాబూ? అయి ఎన్ని పడతాయి, పిల్లికి సాలవు. గట్టు మీద కూకుంటే ఎవుడూ కేకెయ్యడు. మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూకుంటాం. ఆడు గాలం ఏత్తాడు, నాను ఊరి కబుర్లు సెప్తాను. వారంలో అదొక్కపూటే మేం మనుసులం. మిగతా ఆర్రోజులూ నంబర్లం. ఇది రాయండి మీ కాయితంలో. రాయడం వొచ్చా?"

చివరి మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే అంది.

రాశాను. ఆమె అన్నట్టే, ఒక్క ముక్క కూడా నా వైపునుంచి కలపకుండా. కలిపితే ఏమవుతుందో అప్పటికి నాకు బాగా తెలుసు. దాని కింద మూడు కోరికలు: గిన్నెలు కడిగిన నీళ్ళు వాగులోకి వదలకూడదు, దానికి వేరే గొయ్యి తవ్వాలి, ఆదివారం గాలం వేసుకోవడానికి కూలీలకి అడ్డు ఉండకూడదు. ఊరి పెద్ద తన మాట తను చెబితే ఫీజీ గుమాస్తా రాసిపెట్టాడు. వేలిముద్రలతో కాగితం అంచులు నల్లబడ్డాయి.

ఏం దక్కింది

జవాబు రావడానికి చెరుకు ఆడే సీజను ఒకటి మొత్తం పట్టింది. గొయ్యికి కూలీలు దండగ అని మేనేజరు మొండికేశాడు. కులంబర్ ఒకడు, కూలీలకి సరదాలెందుకు అని కోర్టు వరండాలోనే అన్నాడు. దొర కుంటుకుంటూ బయటికి వచ్చి, "నేను ఆదివారం చేసేదీ అదే సరదా. నాకెందుకో ముందు చెప్పు," అన్నాడు. వాడు టోపీ తీసి వెళ్ళిపోయాడు.

చివరికి గొయ్యి తవ్వారు. చిన్నదే, వానలకి పొర్లేది, మళ్ళీ రాయాల్సి వచ్చేది. వాగుకి పోవచ్చన్నారు గాని మలుపుదాకానే. గాలం తప్ప వల వెయ్యకూడదనీ, చేపలు గుడ్లు పెట్టే నెలల్లో పోకూడదనీ ఊరి పెద్ద షరతులు పెట్టాడు. అవి న్యాయమైనవే, మావాళ్ళు ఒప్పుకున్నారు. పూర్తిగా గెలిచామని చెప్పను. ఇలాంటి పనుల్లో సగం దక్కితే దండం పెట్టుకుని, మిగతా సగానికి మర్నాడే కాగితం తియ్యాలి.

సింహాచలం శిక్ష రద్దయింది. గిర్మిట్‌కి కలిపిన రోజులు కొట్టేశారు. జైల్లో గడిచిన నెల ఎవడు తిరిగిస్తాడు?

చెప్పవలసింది

హుకుం మారిన మొదటి ఆదివారం నేను వాగుకి పోయాను. గట్టంతా జనం. సింహాచలం, పైడమ్మ ఒక రాతి మీద కూర్చున్నారు. రద్దయిందని అతనికి తెలుసు గాని ఎందుకు రద్దయిందో తెలీదు. కోర్టు కాగితం ఇంగ్లీషులో ఉంది. దాన్ని అతనికి చదివి చెప్పవలసినవాణ్ణి నేనే.

పక్కన కూర్చుని చెప్పాను. నువ్వు గిన్నెలు కడిగే మందు అన్నావు, నేను చేపల మందు అని చెప్పాను. నువ్వు కాలవ అంటే నేను వాగు అన్నాను. నీ నెల జైలు నా నోటివల్ల, నన్ను క్షమించు అన్నాను. తిడతాడనుకున్నాను, కొట్టినా కొట్టించుకుందామనే వెళ్ళాను.

అతను గాలం పైకి తీసి పక్కన పెట్టాడు.

"జైల్లో రోజూ ఒకటే అనుకున్నాను బాబూ," అన్నాడు. "కోరటులో అంతమంది ముందు నా నోరు సరిగా తిరగనేదు, ఏదో ఒకటి కూసేసుంటాను అనుకున్నాను. దీనికీ అదే సెప్పినాను, నాకు మాటాడ్డం రాదే, నానే పాడుసేసుకున్నానే అని. అప్పటినించీ ఎవురితోనూ సరిగ్గా మాటాడనేదు."

పైడమ్మ వాగు వైపే చూస్తోంది.

సింహాచలం లేచి నిలబడ్డాడు. అతను నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. గట్టు పొడుగునా కూర్చున్న వాళ్ళందరికీ వినబడేలా కేకేశాడు:

"ఒరే, నాను సరిగ్గానే సెప్పినాన్రా!"